ఈ చలికాలం సైకిలు గేటు దాటనివ్వండి

ఢిల్లీ పక్కన ఇందిరాపురంలోని మా సొసైటీలో సాయంత్రం ఐదున్నర అయ్యేసరికి పిల్లలు సైకిళ్ళతో కిందికి దిగుతారు. మొదటి టవరు దగ్గర బయల్దేరి, క్లబ్బు భవనం చుట్టూ తిరిగి, బేస్‌మెంటు ర్యాంపు దగ్గర గార్డు విజిల్ వేయగానే మలుపు తిరిగి, మళ్ళీ మొదటి టవరుకే చేరతారు. మా అమ్మాయి ఎనిమిదో ఏటి నుంచి పదో ఏటి దాకా ఆ చుట్టే తిరిగింది. ఒకరోజు పైకి వచ్చి మంచినీళ్ళు తాగుతూ, "అమ్మా, నువ్వు చిన్నప్పుడు ఏ చుట్టు తిరిగేదానివి?" అని అడిగింది. సైకిలు మీద ఒక చోటి నుంచి ఇంకో చోటికి వెళ్తారన్న సంగతే దానికి తెలియదని ఆ ప్రశ్నతో నాకు తెలిసింది.

మాది కోనసీమలో కొత్తపేటకి దగ్గరి పల్లె. మా నాన్నగారి అట్లాస్ సైకిలు మీద నేర్చుకున్నాను. సీటెక్కితే కాళ్ళు అందేవి కావు కాబట్టి ఫ్రేము మధ్యలోంచి కాలు దూర్చి తొక్కేదాన్ని. ఇక్కడివాళ్ళు ఆ తొక్కుడుని 'కైంచీ' అంటారు, అంటే కత్తెర. హైస్కూలు నాలుగు కిలోమీటర్లు, దారంతా కాలువ గట్టు. ఎవరి చేలో ఊడ్పులు అయ్యాయో, కాలువ ఎప్పుడు కట్టేస్తారో, ఏ కొబ్బరితోటలో కుక్క కరుస్తుందో నాకెవరూ కూర్చోబెట్టి చెప్పలేదు. రోజూ ఆ పక్కనుంచే వెళ్ళేదాన్ని కాబట్టి తెలిసింది. ఇందిరాపురంలో ఉంటున్న తెలుగు తల్లిదండ్రుల్లో చాలామందికి ఇలాంటి గట్టో, డొంకో, చెరువు కట్టో ఒకటి ఉండే ఉంటుంది. మన పిల్లలకి మాత్రం లేదు. ఆ లోటు గురించే మీతో నాలుగు మాటలు చెప్పాలనిపించింది.

అట్లాస్ పేరెత్తాను కనుక ఒక సంగతి. 1951లో సోనీపత్‌లో పుట్టిన ఆ కంపెనీకి చివరిదాకా మిగిలిన ఫ్యాక్టరీ మన పక్కనే, సాహిబాబాద్‌లో ఉండేది. 2020 జూన్ 3న అది ఆగిపోయింది. సరిగ్గా ఆ రోజే ప్రపంచ సైకిలు దినోత్సవం. మన నాన్నలు తొక్కిన సైకిలు పేరు మన ఇంటికి కూతవేటు దూరంలో ఆగిపోయిందని తెలిసినప్పుడు నాకు నిజంగానే దుఃఖం వచ్చింది. పిల్లలకి ఆ కథ చెప్పండి. చెప్పి, ఏడాదికి ఒకటి రెండుసార్లయినా, చల్లటి రోజు చూసి, వాళ్ళని సైకిళ్ళతో పల్లెదారి పట్టించండి.

అయితే ఏ చల్లటి రోజు అన్నదే ఇక్కడ అసలు చిక్కు. నేను చేసిన తప్పు మీరు చెయ్యకూడదని ముందు అది చెబుతాను.

మొదటిసారి డిసెంబరులో బయల్దేరదీశాను. మన ఊళ్ళ అలవాటు ప్రకారం తెల్లవారుజామునే. చలికాలం పొద్దున్నే గాలి స్వచ్ఛంగా ఉంటుందని చిన్నప్పటి నుంచీ విన్న మాట కదా. ఇద్దరం స్వెట్టర్లు, మంకీ టోపీలు పెట్టుకుని ఆరున్నరకల్లా హిండన్ కట్ట వైపు వెళ్ళాం. పొగమంచు అనుకున్నదానికి మసి వాసన ఉంది. అర గంటలో పిల్ల కళ్ళు మండుతున్నాయంది, ముప్పావు గంటకి దగ్గు మొదలైంది. వెనక్కి వచ్చేశాం. ఆ దగ్గు పది రోజులు వదల్లేదు. రాత్రిళ్ళు దాని వీపు నిమురుతూ కూర్చున్నప్పుడు, ప్రేమతో తీసుకెళ్ళినా తెలుసుకోకుండా తీసుకెళ్ళానే అని బాధపడ్డాను.

తర్వాత తెలుసుకున్నాను. చలికాలపు రాత్రి నేల త్వరగా చల్లబడుతుంది. నేలనంటిన గాలి చల్లగా, బరువుగా కిందే ఉండిపోతుంది. దాని మీద వెచ్చటి గాలి మూతలా కూర్చుంటుంది. వాహనాల పొగ, చలిమంటల పొగ, రోడ్ల దుమ్ము పైకి పోయే దారి లేక ఆ మూత కింద రాత్రంతా పోగవుతాయి. సూర్యుడు ఎక్కి నేల కాగితే తప్ప ఆ మూత తొలగదు. అంటే కోనసీమలో ప్రాణం లేచొచ్చే తెల్లవారుజాము ఇక్కడ డిసెంబరు, జనవరి నెలల్లో రోజు మొత్తంలోనే చెడ్డ గాలి ఉండే వేళల్లో ఒకటి. దానికి తోడు పిల్లలు వాళ్ళ బరువుతో పోలిస్తే పెద్దలకన్నా ఎక్కువ గాలి పీలుస్తారు. సైకిలు తొక్కుతున్నప్పుడు అది ఇంకా ఎన్నో రెట్లవుతుంది.

కాబట్టి టైర్లలో గాలి చూసే ముందు బయటి గాలి చూడండి. ఇందిరాపురంలోనే గాలి కొలిచే కేంద్రం ఉంది. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి వారి 'సమీర్' యాప్‌లో ఆ అంకె కనిపిస్తుంది. 100 లోపు ఉంటే సంతృప్తికరం, 101 నుంచి 200 దాకా మధ్యస్థం, 200 దాటితే చెడ్డది, 300 దాటితే చాలా చెడ్డది, 400 దాటితే తీవ్రం. ఇది ప్రభుత్వం గీసిన గీత. మా ఇంటికి నేను గీసుకున్న గీత 150. అది దాటితే పల్లెదారి మాట ఎత్తను. ఉబ్బసం ఉన్న పిల్లలయితే నా గీత కూడా పక్కన పెట్టి మీ డాక్టరు చెప్పిన మాట వినండి. మాస్కు పెట్టి తొక్కించవచ్చు కదా అని కొందరు అడిగారు. మాస్కు పెట్టాల్సినంత చెడ్డ గాలి ఉన్న రోజున పిల్లలు ఇంట్లో క్యారమ్స్ ఆడుకోవడమే మేలు. గుటకలు మింగుతూ ఊపిరి ఈడ్చుకుంటూ తొక్కితే ఆ దారి మీద పిల్లలకి ఇష్టం పుట్టదు.

మరి మంచి రోజులే లేవా అంటే ఉన్నాయి, పట్టుకోవాలి అంతే. చలికాలంలో రెండు మూడుసార్లు పడమటి నుంచి మేఘాలొచ్చి వాన కురిసి వెళ్తుంది. ఆ వాన వెలిసిన మర్నాడు గాలి విసురుతుంది, ఆకాశం నీలంగా కనిపిస్తుంది. ఆ రోజు వదులుకోకండి. దసరాకి ముందు వారాలు కూడా బాగుంటాయి, చలి మాత్రం ఇంకా మొదలవదు. అన్నిటికన్నా నమ్మదగ్గవి ఫిబ్రవరి రెండో వారం నుంచి మార్చి మూడో వారం దాకా వచ్చే ఆదివారాలు. చలి చేతి వేళ్ళని కొరకదు, ఎండ మాడ్చదు. అయితే అప్పుడు కూడా తెల్లవారుజాము వద్దు. తొమ్మిదిన్నర, పది గంటలకి బయల్దేరి ఒంటిగంట లోపు తిరిగి రండి.

ఆ నెల్లోనే పరీక్షలని మీరు అంటారు. నిజమే, ఫిబ్రవరి నడుమ నుంచి బోర్డు పరీక్షలు మొదలవుతాయి, చిన్న తరగతులకి వార్షిక పరీక్షలూ అప్పుడే. పదో తరగతి, పన్నెండో తరగతి పిల్లలున్న ఇంటి హడావిడి నాకు తెలియనిది కాదు. కానీ నాలుగో తరగతి, ఆరో తరగతి పిల్లల్ని కూడా మనం జనవరి నుంచే గదిలో పెట్టి తలుపు వేస్తున్నాం. మూడు గంటల ఆదివారం వల్ల ఆరో తరగతి లెక్కలు పాడవవు. ఇంత మాట గట్టిగా చెప్పగలను, ఎందుకంటే మా ఇంట్లో పాడవలేదు.

ఇక దారి. ఇందిరాపురం నుంచి నేరుగా సైకిళ్ళ మీద పిల్లలతో పల్లెకి వెళ్ళే దారి ఒక్కటీ లేదని ఒప్పుకోవాలి. ఒక పక్క ఢిల్లీ-మీరట్ ఎక్స్‌ప్రెస్‌వే, ఒక పక్క హిండన్, ఇంకో పక్క నోయిడా. చిన్నపిల్లలతో మీరట్ రోడ్డు మీద తొక్కే సాహసం ఎవరూ చెయ్యకండి. ముందు రెండు మూడు ఆదివారాలు స్వర్ణజయంతి పార్కు చుట్టుపక్కల ఖాళీగా ఉండే లోపలి రోడ్ల మీద, ఆ తర్వాత కర్‌హేడా దగ్గర హిండన్ ఒడ్డునున్న సిటీ ఫారెస్ట్ పరిసరాల్లో అలవాటు చేయించండి. పిల్లలు వెనక్కి తిరిగి చూస్తూ కూడా సైకిలుని గీతలా నడపగలిగితే, చెప్పగానే ఆపగలిగితే, అప్పుడు సైకిళ్ళని కారుకి కట్టుకుని మురాద్‌నగర్ వెళ్ళండి. ముప్పై కిలోమీటర్ల లోపే. అక్కడ ఎగువ గంగ కాలువ ఉంది. దాని వెంట గట్టు రోడ్డుంది.

ఆ కాలువ దగ్గరికి ఎందుకు తీసుకెళ్ళమంటున్నానో చెబుతాను. ఏటా దసరా వెళ్ళగానే మన అపార్టుమెంట్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒక నోటీసు వస్తుంది గుర్తుందా, గంగాజలం సరఫరా తగ్గుతుంది, నీళ్ళు పొదుపుగా వాడండి అని? హరిద్వార్ నుంచి వచ్చే ఈ కాలువని పూడిక తీయడానికి దసరా నుంచి దీపావళి దాకా కట్టేస్తారు. మురాద్‌నగర్ దగ్గర ఆ నీటినే పైపుల్లోకి తీసుకుని ప్రతాప్ విహార్‌లో శుద్ధి చేసి ఇందిరాపురం, వసుంధర, నోయిడాలకి పంపుతారు. మన ఇంట్లో పప్పు ఉడికేది ఈ నీళ్ళతోనే. గట్టు మీద సైకిలాపి ఆ మాట చెబితే మా అమ్మాయి చాలాసేపు నీళ్ళవంకే చూసింది. "మన కుళాయిలోకి వచ్చేది ఇదేనా? ఇంత నీళ్ళా?" అంది. అంతకు ముందు దాని దృష్టిలో నీళ్ళు టవరు మీది ట్యాంకులోంచి వచ్చేవి.

తెలుగువాళ్ళకి ఈ కాలువతో ఇంకో చుట్టరికం కూడా ఉంది. దీన్ని తవ్వించిన ఇంజినీరు ప్రోబీ కాట్లీ. 1854లో నీళ్ళు వదిలారు. అంతకు రెండేళ్ళ ముందే, 1852లో, ధవళేశ్వరం ఆనకట్ట పూర్తిచేసిన ఆర్థర్ కాటన్‌కి ఈ గంగ కాలువ కట్టిన తీరు నచ్చలేదు. నది నుంచి కాలువ తీసే చోటు మరీ ఎగువన పెట్టారని, వాలు ఎక్కువైందని ఆయన విమర్శించాడు. 1860ల్లో ఇద్దరి మధ్య పుస్తకాల మీద పుస్తకాలుగా వాదం నడిచింది. మన గోదావరి జిల్లాల్లో పొలం గట్ల మీద విగ్రహమై నిలబడ్డ కాటన్ దొర, ఈ మురాద్‌నగర్ కాలువ గురించి కూడా రాశాడన్నమాట. ధవళేశ్వరం నీళ్ళు పారే కాలువ గట్టున నేను తొక్కాను, ఆయన తప్పుపట్టిన కాలువ గట్టున నా కూతురు తొక్కింది. ఆ సంగతి తలుచుకున్నప్పుడల్లా నాకు ఒళ్ళు పులకరిస్తుంది.

ఆ ఫిబ్రవరి ఆదివారం మేము వెళ్ళింది రానూపోనూ కలిపి పన్నెండు కిలోమీటర్లు. మా ఆయన ముందు, నేను వెనక, పిల్ల మధ్యలో. ఆ పన్నెండు కిలోమీటర్లకి రెండున్నర గంటలు పట్టింది. ఎందుకంటే బయల్దేరే ముందు మేమిద్దరం ఒక ఒప్పందం చేసుకున్నాం. ఎక్కడ ఆగాలో పిల్లే చెబుతుంది, ఎంతసేపు ఆగాలో కూడా పిల్లే చెబుతుంది, మనం తొందరపెట్టకూడదు. ఈ మొత్తం వ్యాసంలో మీకు ఒక్క సలహానే గుర్తుంటే చాలు అనుకుంటే, ఇదే గుర్తుంచుకోండి. మన పిల్లల రోజులో వాళ్ళు చెప్పినట్టు ఆగే వాహనం ఒక్కటీ లేదు. స్కూలు బస్సు ఆగదు, కోచింగు ఆగదు, మన కారు అసలే ఆగదు.

మొదటిసారి తీగ మీద కూర్చున్న ఒక పిట్టని చూసి ఆపింది. బడిలో హిందీ పుస్తకంలో చదివిన 'నీల్‌కంఠ్' అని గుర్తుపట్టింది. మన భాషలో పాలపిట్ట అని చెప్పాను. దసరా నాడు ఇక్కడివాళ్ళూ దాన్ని చూడాలనుకుంటారు, తెలంగాణలో మనవాళ్ళూ జమ్మిచెట్టు దగ్గరికి వెళ్తూ దాని కోసమే వెతుకుతారు. అది ఎగిరినప్పుడు రెక్కల్లోంచి నీలం విచ్చుకుంది. పాలపిట్ట అన్న మాట ఇక ఆ పిల్ల మరిచిపోదు. నేను రెండేళ్ళుగా ఆన్‌లైన్ క్లాసు పెట్టించి నేర్పించాలని చూసిన తెలుగు కన్నా ఆ గట్టు మీద దొరికిన తెలుగు ఎక్కువ. గోధుమ చేను, ఆవ చేను, చెరకు గడ, రావిచెట్టు, లకుముకి పిట్ట, గట్టు, తూము, బోదె. ఇవన్నీ ఎదురుగా ఉన్నప్పుడు ఒక్కసారి చెబితే చాలు. మీ పిల్లలు తెలుగు మాట్లాడటం లేదని బాధపడేవాళ్ళకి నేను చెప్పేది, మాటకి ఒక వస్తువు చూపించండి. ఇందిరాపురంలో ఇంట్లో దొరికే వస్తువులు చాలావరకు తెలుగు పేర్లు లేనివి.

రెండోసారి ఆపింది పిడకల ఇంటి దగ్గర. పడమటి యూపీ పల్లెల్లో పిడకల్ని గుడిసెలా పేర్చి, పైన పేడతో మెత్తి, వేలితో ముగ్గుల్లాంటి గీతలు గీస్తారు. వానకి తడవకుండా ఏడాది పొడుగునా వంటచెరకు భద్రంగా ఉంటుంది. వాళ్ళు దాన్ని బిటౌడా అంటారు. మా అమ్మాయికి పిడకలంటే భోగినాడు ఆన్‌లైన్లో తెప్పించే దండ మాత్రమే. మంట వేసి పారేసేవి కాబోలు అనుకునేది. వాటితో అన్నం వండుకుంటారని, వాటికి ఇల్లు కడతారని, ఆ ఇంటికి ముగ్గు పెడతారని చూసి ఆశ్చర్యపోయింది. గడప దగ్గర కూర్చున్న పెద్దావిడ పిల్లని పిలిచి చెయ్యి పట్టుకుని ఆ గీతలు తనే గీశానని చూపించింది.

ఇక్కడ ఒక మర్యాద చెప్పాలి. పల్లెలోకి వెళ్ళేటప్పుడు పిల్లలకి పలకరింపు నేర్పించి తీసుకెళ్ళండి. ఆ వైపు పెద్దవాళ్ళని చూస్తే "రామ్ రామ్" అంటారు, మగ పెద్దల్ని "తాఊజీ" అని పిలుస్తారు. సైకిలు దిగి ఆ ఒక్క మాట అంటే ఊరు ఊరంతా మనదవుతుంది. ఫోను తీసి ఎవరి ఇల్లు పడితే వాళ్ళ ఇల్లు, ఎవరి బర్రె పడితే వాళ్ళ బర్రె ఫోటో తీయనివ్వకండి. అడిగి తీయమనండి. మనం నివసించే టవర్లు కూడా మకన్‌పూర్ రైతుల దగ్గర తీసుకున్న పొలాల మీద లేచినవేనని, అక్కడా ఒకప్పుడు ఇలాంటి చేలే ఉండేవని పిల్లలకి చెప్పండి. అప్పుడు వాళ్ళు పల్లెని వింతగా చూడరు.

మూడో మజిలీ బెల్లం వండే చోటు. వాళ్ళు కోల్హూ అంటారు. నవంబరు నుంచి ఏప్రిల్ దాకా చెరకు నలిగే కాలం. గానుగలో రసం తీసి, వరసగా పెట్టిన పెద్ద పెనాల్లో మరిగిస్తారు. ఎండిన చెరకు పిప్పే పొయ్యిలోకి వంటచెరకు. రసంలో మురికి పైకి తేలడానికి బెండ మొక్కల జిగురు పోస్తారు. ఈ ఒక్కటి చూసి మా అమ్మాయి అడిగిన ప్రశ్నలు ఇంటికి వచ్చాక కూడా ఆగలేదు. బెండకాయ జిగురు మురికిని ఎలా పట్టుకుంటుంది? రసం ఎప్పుడు బెల్లమవుతుందో వండే ఆయనకి ఎలా తెలుస్తుంది? ఆయన వేళ్ళ మధ్య పాకం సాగదీసి చూపించాడు. వేడి వేడి బెల్లం ముక్క వేరుశెనగ పలుకులతో ఆకులో పెట్టి ఇచ్చాడు. డబ్బులు తీసుకోలేదు. ఇటు ముజఫర్‌నగర్ బెల్లం ఎంత పేరో అటు మన అనకాపల్లి బెల్లం అంత పేరని నేను చెబితే, అనకాపల్లి ఎంత దూరం అని అడిగి తల పంకించాడు.

ఆ గట్టు ఎప్పటికీ ఇలాగే ఉంటుందని కూడా అనుకోకండి. కావడి యాత్రికుల కోసం మురాద్‌నగర్ నుంచి ముజఫర్‌నగర్ జిల్లా పుర్కాజీ దాకా కాలువ వెంట 111 కిలోమీటర్ల కొత్త రోడ్డు తలపెట్టారు. దానికోసం వేల చెట్లు కొట్టేయడం మీద 2024లో జాతీయ హరిత ట్రైబ్యునల్ విచారణ చేపట్టింది. నీడ ఉన్న గట్టు పిల్లలకి చూపించాలంటే ఆలస్యం చెయ్యకండి.

ఇప్పుడు జాగ్రత్తల మాట. అన్నిటికన్నా ముందు కాలువ. అది వేగంగా పారే లోతైన నీరు. మన ఊరి పిల్లకాలువలా దిగి కాళ్ళు కడుక్కునేది కాదు. ఏటా అందులో ప్రాణాలు పోతున్నాయి. సైకిలు దిగినప్పుడు పిల్లలు నీటికి దూరంగా, మీరు నీటి వైపు నిలబడండి. రేవు మెట్లు దిగనివ్వకండి, ఎంత మారాం చేసినా సరే.

సైకిలు కొనేటప్పుడు "పెరిగే పిల్ల కదా" అని రెండు సైజులు పెద్దది కొనే అలవాటు మనకి చొక్కాల నుంచి వచ్చింది. చొక్కా వదులైతే ఫరవాలేదు, సైకిలు వదులైతే పళ్ళు రాలతాయి. సీటు మీద కూర్చున్నప్పుడు రెండు పాదాల ముందు భాగం నేలకి ఆనాలి. ఏడు నుంచి తొమ్మిదేళ్ళ వాళ్ళకి సాధారణంగా 20 అంగుళాల చక్రం, పది నుంచి పన్నెండేళ్ళకి 24 అంగుళాలది సరిపోతుంది. వయసు కన్నా కాళ్ళ పొడవు చూడండి. గేర్లు లేకపోయినా ఏం కాదు, ఇక్కడి నేలంతా పళ్ళెంలా ఉంటుంది. హెల్మెట్ కనుబొమ్మలకి రెండు వేళ్ళ పైన ఉండాలి, గడ్డం కింద పట్టీలో రెండు వేళ్ళకి మించి దూరకూడదు. మీరూ పెట్టుకోండి. ముందు బ్రేకు ఏదో వెనక బ్రేకు ఏదో పిల్ల కళ్ళు మూసుకుని చెప్పగలగాలి, రెండూ కలిపి మెల్లగా నొక్కడం అలవాటు కావాలి.

దారి మీద పెద్దవాళ్ళు ఒక్కరే ఉంటే వెనక ఉండండి, పిల్లకన్నా కొంచెం కుడికి జరిగి. వెనకనుంచి వచ్చే బండికి ముందు మీరు కనిపిస్తారు. చెరకు సీజనులో ట్రాక్టరు ట్రాలీలు రోడ్డు సగం ఆక్రమించుకుని వస్తాయి. అవి దగ్గరికి రాకముందే సైకిలు దిగి పక్కకి జరిగి, వెళ్ళాక ఎక్కండి. కుక్కలు వెంటపడితే పరుగు పెట్టించకండి. దిగి, సైకిలుని కుక్కకీ మనకీ మధ్య అడ్డంగా పెట్టుకుని నెమ్మదిగా నడిస్తే చాలాసార్లు వాటి దారిన అవి పోతాయి. మంచినీళ్ళు, నాలుగు జామకాయలు, పంక్చరు సామాను, చిన్న పంపు, దెబ్బ తగిలితే రాయడానికి మందు. ఇంతకన్నా మూట వద్దు. ఎన్ని కిలోమీటర్లు అయిందో లెక్కపెట్టే యాప్ అసలే వద్దు.

ఆడపిల్లల తల్లిదండ్రులకి ఒక మాట వేరుగా చెప్పాలి. మగపిల్లాడికి సైకిలు, ఆడపిల్లకి స్కేటింగు క్లాసు అన్న పంపకం మన సొసైటీల్లో ఇప్పటికీ కనిపిస్తోంది. బీహార్‌లో 2006లో తొమ్మిదో తరగతి ఆడపిల్లలకి ప్రభుత్వం సైకిళ్ళు ఇవ్వడం మొదలుపెట్టింది. దాని ఫలితాన్ని పరిశోధించిన ఆర్థికవేత్తలు, హైస్కూలులో ఆ వయసు ఆడపిల్లల చేరికలు దాదాపు 32 శాతం పెరిగాయని తేల్చారు. బడి దూరమైన ఊళ్ళలో ఆ తేడా ఇంకా బాగా కనిపించింది. అక్కడి తల్లిదండ్రులు దూరపు బడికి సైకిలు మీద ఆడపిల్లని పంపగలిగారు. మనం పక్కన ఉండి కూడా గేటు దాటించలేమా?

పెద్ద పిల్లల సంగతి కాస్త వేరు. పద్నాలుగేళ్ళు వచ్చేసరికి సైకిలు చిన్నతనమనిపిస్తుంది, స్కూటీ తాళం కావాలంటారు. ట్యూషన్ దగ్గరే కదా అని ఇచ్చేవాళ్ళని రోజూ చూస్తున్నాను. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం, మైనరు బండి నడిపి పట్టుబడితే శిక్ష తల్లిదండ్రులకీ బండి యజమానికీ. 25,000 రూపాయల జరిమానా, మూడేళ్ళ దాకా జైలు. చట్టం సంగతి అలా ఉంచినా, ఆ వయసులో చేతికి వచ్చిన వేగానికి తగ్గ నిదానం ఇంకా రాదు. ఆ పిల్లలకి సైకిలు మీద బాధ్యత అప్పగించండి. దారి వాళ్ళనే వెతకమనండి, తమ్ముణ్ణో చెల్లెల్నో వెంటబెట్టుకుని ముందు నడవమనండి, పంక్చరు వాళ్ళనే వెయ్యమనండి. మీరు వెనకాల వెళ్ళండి.

సంక్రాంతికి ఊరు వెళ్ళే వాళ్ళకి ఇంకో అవకాశం ఉంది. ఇందిరాపురంలో జనవరి గాలి పనికిరాదు కానీ మన పల్లెల్లో అదే సరైన కాలం. అక్కడ మాత్రం తెల్లవారుజామునే లేపండి. మంచు పట్టిన గట్టు, గొబ్బిళ్ళు, హరిదాసు. కారులో కూర్చోబెట్టి బంధువుల ఇళ్ళు తిప్పడం మానేసి, ఇంట్లో మూల పడి ఉన్న పాత సైకిలుకి నూనె వేసి, తాతగారినో మామయ్యనో తోడిచ్చి పంపండి. మా నాన్నగారు డెబ్బై నాలుగో ఏట మనవరాలితో కాలువ గట్టు దాకా తొక్కారు. వచ్చి అరుగు మీద కూర్చుని, "దీనికి నీ తొక్కుడే వచ్చిందే" అన్నారు నాతో. ఆ ఏడాది వేసవిలో ఆయన వెళ్ళిపోయారు. మా అమ్మాయికి తాతయ్య గురించి చెప్పమంటే ముందుగా ఆ పొద్దున్న ఎదురైన మంచు, తాతయ్య పంచె చెయిన్లో పడకుండా ఎత్తి కట్టుకున్న తీరు చెబుతుంది.

ఈ ఫిబ్రవరి, మార్చి నెలల్లో మనకి వీలుగా దొరికే ఆదివారాలు ఐదో ఆరో ఉంటాయి. వాటిలో ఒకటి మీ పిల్లల పేర ఇప్పుడే రాసిపెట్టుకోండి. శనివారం రాత్రి టైర్లలో గాలి చూడండి, ఆదివారం పొద్దున యాప్‌లో అంకె చూడండి. అంకె బాగుంటే పది గంటలకి గేటు తీయమని గార్డుకి చెప్పండి.